రాళ్ల సందుల్లో దాచిన కుండలు

జూన్ 22

ఇంగ్లండ్ నుంచి టెనెరిఫే దీవికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎండ కోసం దక్షిణ తీరానికి పోతారు. నేనూ అమ్మా మాడ్రిడ్ మీదుగా వచ్చి ఉత్తర విమానాశ్రయంలో దిగాం. మేము వెళ్లాల్సింది ప్యుయెర్తో దె లా క్రూజ్ అనే ఊరికి. ఆ ఊళ్లో ఒక చిన్న పురావస్తు మ్యూజియం ఉంది. ఈ దీవి పాత జనమైన గ్వాంచేల గురించి చదివినప్పటి నుంచీ ఆ మ్యూజియం చూడాలని నాకు కోరిక.

టెనెరిఫే ఉన్న కెనరీ దీవులు స్పెయిన్‌వే అయినా ఆఫ్రికా పక్కన ఉంటాయి. అన్నిటికన్నా దగ్గరి దీవి నుంచి మొరాకో తీరం సుమారు 100 కిలోమీటర్లే. రెండు వేల ఏళ్ల కిందటి ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని అమజిగ్ జనం, అంటే బెర్బర్లు, మేకల్నీ గొర్రెల్నీ కుక్కల్నీ బార్లీ విత్తనాల్నీ పట్టుకుని ఈ దీవులకు చేరారు. వాళ్లలో టెనెరిఫేలో స్థిరపడినవాళ్లు గ్వాంచేలు. ఇవి అగ్నిపర్వతాలు కక్కిన లావాతో ఏర్పడిన దీవులు, వీటిలో లోహపు ఖనిజం లేదు. అందుకని ఆ జనం రాయి, ఎముక, కర్ర, మట్టి, తోలు, వీటితోనే పదిహేనో శతాబ్దం దాకా బతికారు. యూరప్ సేనలు 1402లో లాంజరోతేతో మొదలుపెట్టి ఒక్కో దీవినీ పట్టుకుంటూ వచ్చాయి. చివరిదాకా లొంగనిది టెనెరిఫే. అదీ 1496లో లొంగిపోయింది.

ఇక్కడ బస్సుని గ్వాగ్వా అంటారు. కుడివైపు సముద్రం, ఎడమవైపు మబ్బులో తల దాచుకున్న కొండ, మధ్యలో హైవే. దారిలో లా మతాంజా, లా విక్తోరియా అనే ఊళ్ల బోర్డులు వచ్చాయి. 1494 మే నెలలో లా మతాంజా దగ్గరి లోయలో స్పెయిన్ సేనాని అలోన్సో ఫెర్నాందెజ్ దె లుగో సైన్యాన్ని గ్వాంచేలు ఇరుకు దారిలో అడ్డగించి చిత్తుగా ఓడించారు. పైనుంచి రాళ్లు, కర్ర ఈటెలు. కింద గుర్రాలు, ఇనుప కవచాలు. లుగో దెబ్బలు తిని ప్రాణాలతో తప్పించుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ సైన్యం కూడగట్టుకుని తిరిగొచ్చాడు. మేము దిగిన విమానాశ్రయం పక్కనున్న లా లగూనా మైదానంలో జరిగిన పోరులో తావోరో అనే గ్వాంచే రాజ్యానికి రాజైన బెంకోమో చనిపోయాడు. దాని వెనకే అంటురోగం వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. డిసెంబరులో లా విక్తోరియా దగ్గర జరిగిన యుద్ధంతో గ్వాంచేల పని అయిపోయింది.

ఇదంతా అమ్మకి చెబుతుంటే, "మరి మిగిలినవాళ్లు ఏమయ్యారే?" అంది. కొందర్ని బానిసలుగా స్పెయిన్‌కి తీసుకుపోయి అమ్మారు. కొందరు కొండల్లోకి పోయారు. చాలామంది మతం మారి, పేర్లు మారి, వచ్చినవాళ్లతో కలిసిపోయారు. గ్వాంచేలు అంతరించిపోయారని పాత పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు.

జూన్ 23

మ్యూజియం లా రానియా పేటలో ఉంది. ఒకప్పుడు జాలరుల పేట అది. ఇప్పుడు గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు, సందుల్లో భోజనం బల్లలు. కాయే దెల్ లోమో వీధిలో, చెక్క కిటికీలున్న ఒక పాతకాలపు ఇల్లు. బోర్డు చూడకపోతే ఎవరిదో ఇల్లే అనుకుని దాటిపోతాం.

దీన్ని పెట్టింది ప్రభుత్వం కాదు, ఊళ్లోవాళ్లే. ఇక్కడి హిస్పానిక్ అధ్యయన సంస్థ పూనుకుని 1953లో మొదలుపెట్టింది. అంతకుముందే పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊరి మందుల షాపాయన ఒకరు, రామోన్ గోమెజ్, కొండగుహల్లో దొరికినవన్నీ తెచ్చి భద్రం చేసేవాడు. అలాంటి సేకరణలు కొన్ని ఇలా జనం చూసేచోటికి చేరాయి. సేకరణ అనే మాట వింటే నాకు కొంచెం భయం. ఆ కాలంలో గుహలు తవ్వి తీసినవి ఎక్కువగా ఓడలెక్కి ఎటో పోయాయి. ఇవి మాత్రం ఊరు దాటలేదు.

ఉన్నవి చిన్న గదులే, వాటి నిండా కుండలు. గానిగో అంటారు వాటిని. కుమ్మరి సారె ఈ దీవులకు తెలియదు. మట్టిని తాళ్లలా చేసి ఒకదాని మీద ఒకటి చుట్టి, చేత్తో అదిమి, గులకరాయితో నున్నగా రుద్ది, ఆరుబయట మంటలో కాల్చారు. అందుకే ఏ రెండూ ఒకేలా లేవు. రంగులు పూయలేదు. అంచు మీద మాత్రం గోటితోనో పుల్లతోనో నొక్కినట్టు చిన్న గీతల వరస. కొన్నింటికి పిడి కూడా మట్టిదే. అది లోపల బోలుగా ఉంటుంది, కుండ వంచితే పాలు అందులోంచే ధారగా పడతాయి. పట్టుకోవడానికీ పోయడానికీ ఒకటే! నేను ఆ పిడి ముందు చాలాసేపు నిలబడిపోయాను. పాలు ఒలక్కుండా పోయాలని ఎవరో ఇంతగా ఆలోచించారు.

అడుగులు చాలావాటికి చదునుగా లేవు, గుడ్డు కొసలా ఉన్నాయి. అమ్మ అద్దానికి మొహం ఆనించి, "ఇది వాడిన కుండేనే, చూడు, అడుగంతా మసి పట్టింది" అంది. నిజమే. అప్పుడెప్పుడో ఒకపూట ఎవరికో వంట వండిన మసి అది.

పక్కనే నల్లరాయి తిరగలి. పైరాతి మీద చిన్న చిన్న గుంటలున్నాయి, వాటిలో పుల్ల గుచ్చి తిప్పేవాళ్లు. దాని పక్కన తబోనాలు, అంటే అబ్సిడియన్ రాతి పెచ్చులు. అబ్సిడియన్ అగ్నిపర్వతం ఇచ్చే గాజు లాంటి నల్లరాయి, పగిలితే అంచు బ్లేడులా కోస్తుంది. తోలు కోయడానికి, మాంసం కోయడానికి, జుట్టు కత్తిరించడానికి అదే కత్తి. మేక ఎముకతో చేసిన దబ్బనాలు ఉన్నాయి, వాటితో తోళ్లు కుట్టి తమార్కో అనే అంగీ చేసుకునేవాళ్లు. కాల్చిన మట్టిపూసలున్నాయి, సమాధి గుహల్లో దొరికినవి. వాటిలో కొన్ని ఎంత సన్నగా ఉన్నాయంటే, చూపు సరిగా ఆనక అమ్మ కళ్లజోడు మార్చుకుంది.

ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లూ వెతుక్కునేది గ్వాతిమాక్‌ని. అరచేతిలో పట్టేంత మట్టిబొమ్మ. 1885లో దీవికి ఆగ్నేయంలోని ఎర్కేస్ లోయలో, ఒక గుహలో, మేకతోలులో చుట్టి దాచి ఉండగా దొరికింది. చూస్తే గుడ్లగూబలా ఉంటుంది, ఇంకోసారి చూస్తే ముడుచుకుని కూర్చున్న మనిషిలా ఉంటుంది. దేవుడో, తాయెత్తో పండితులు ఇంకా తేల్చలేదు. దాచినవాళ్లకి మాత్రం అది చాలా ముఖ్యమైనదే అయ్యుంటుంది. లేకపోతే తోలులో చుట్టరు.

నాకు అన్నిటికన్నా పట్టుకున్నది వేరే కుండల కథ. ఈ దీవి పురావస్తు శాస్త్రంలో పెద్ద పేరు లూయిస్ దియెగో కుస్కోయ్. ఆయన బడిపంతులు. పశువుల కాపరుల వెంట కొండలెక్కి, వాళ్ల దారులు, గుహలు, మంచెలు చూసి, దాన్నిబట్టి గ్వాంచేల బతుకుని అర్థం చేసుకున్నాడు. గ్వాంచేలు ఎండాకాలంలో మందల్ని తెయిదే అగ్నిపర్వతం కిందనున్న లాస్ కన్యాదాస్ మైదానానికి తోలుకుపోయేవాళ్లు. చలి మొదలవగానే కిందికి దిగేవాళ్లు. కుండల్ని మోసుకుని దిగడం కష్టం కాబట్టి రాళ్ల సందుల్లో దాచిపెట్టి, మీద రాళ్లు పేర్చి, మళ్లీ ఏడు వచ్చి తీసుకునేవాళ్లు. అలా దాచినవి, పగలకుండా ఉన్నవి, ఇరవయ్యో శతాబ్దంలో ఎన్నో బయటపడ్డాయి. మళ్లీ ఏడు వద్దామని దాచినవాళ్లు రాలేదన్నమాట.

టికెట్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు. మేము ఆ కుండల దగ్గరే తచ్చాడుతుంటే లేచి వచ్చి, "రేపు పొద్దున ఉంటారా? రేవుకి మేకలొస్తాయి, చూడకుండా వెళ్లకండి" అని చెప్పింది. ఆ సంగతి నేను చదివే వచ్చాను, మా ప్రయాణం ఈ తారీఖుల్లో పెట్టుకున్నది అందుకే. అయినా ఆమె చెబుతుంటే వినడం బాగుంది. ఇక్కడి వాళ్లు మేకల సంగతి ఎంత ఇష్టంగా చెబుతారో!

సాయంత్రం ఊళ్లోని పాత నీటి కుళాయిల దగ్గర ఆకులు, పూలు, పండ్లతో అలంకరణలు. రాత్రి సముద్రం ఒడ్డున మంటలు. సెయింట్ జాన్ పండగ ఇది, చర్చి క్యాలెండర్‌లోది. దాని కింద అంతకన్నా పాత పండగ ఒకటి ఉంది.

జూన్ 24

తెల్లారకముందే రేవుకి వెళ్లాం. రేవు చాలా చిన్నది, పడవలు లాగే రాతి జారుడు, దాని పక్కన 1620లో కట్టిన కస్టమ్స్ ఇల్లు. అప్పటికే జనం గోడల మీద ఎక్కి కూర్చున్నారు. ఓ పెద్దాయన లేచి అమ్మకి చోటిచ్చాడు.

ముందు గంటలు వినిపించాయి. తర్వాత వాసన. ఆ తర్వాత సందు మలుపులోంచి మేకలు. నలుపు, గోధుమ, మచ్చలవి, వందల కొద్దీ. కాపరులు పొడుగాటి కర్రలతో ముందూ వెనకా ఉండి నీళ్ల దగ్గరికి తోలారు. కొన్ని మొండికేస్తే కొమ్ములూ కాళ్లూ పట్టి నీళ్లలో దించారు. నడుముల్లోతు నీళ్లలో నిలబడిన కుర్రాళ్లు ఒక్కో మేకనీ ముంచి, తిప్పి ఒడ్డువైపు నెట్టారు. పదేళ్లు కూడా నిండని పిల్లలు పిల్లమేకల్ని చంకనెత్తుకుని దిగారు. ఒళ్లంతా దులుపుకుంటూ మేకలు ఒడ్డుకొచ్చి అరిచే అరుపులతో రేవంతా మోగిపోయింది.

ఉప్పునీళ్లకి పేలు, గోమార్లు పోతాయని, మంద పెరుగుతుందని కాపరుల నమ్మకం. గ్వాంచేల కాలం నుంచి వచ్చిన ఆచారమని ఇక్కడి వాళ్లు గట్టిగా చెబుతారు.

అలోన్సో దె ఎస్పినోసా అనే ఫాదర్ 1594లో ప్రచురించిన వివరాల్లో గ్వాంచేల వానమొక్కు గురించి రాశాడు. వానలు పడకపోతే గొర్రెల్ని ఒకచోటికి తోలి, తల్లుల నుంచి పిల్లల్ని విడదీసేవాళ్లట. రెండు వైపులా అవి అరిచే అరుపు విని దేవుడు కరిగిపోతాడని. నిన్న అద్దం వెనక చూసిన పాలకుండ, ఈ మంద, ఆ మొక్కు, మూడూ ఒకే బతుకులోవని రేవులో నిలబడ్డాకే నాకు తెలిసింది. మ్యూజియానికీ రేవుకీ మధ్య నడక కొద్ది నిమిషాలే. కుండకీ మేకకీ మధ్య అంతే దూరం ఉండటం ఎంత గొప్ప విషయం! అదే కుండ ఏ రాజధానిలోనో ఉంటే అది కుండ మాత్రమే.

మధ్యాహ్నం భోజనంలో గోఫియో అడిగాం. గింజల్ని వేయించి తిరగలి పట్టిన పిండి అది. గ్వాంచేలకి అదే అన్నం, బార్లీతో చేసుకునేవాళ్లు. ఇప్పుడు గోధుమ, మొక్కజొన్నలతోనూ చేస్తారు, సూపర్‌మార్కెట్లో ప్యాకెట్లుంటాయి. తేనె, బాదంపప్పు కలిపి ముద్దగా చేసి ముక్కలు కోసి పెట్టారు. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది పేలపిండే! తొలి ఏకాదశికి బెల్లం కొట్టి కలిపినట్టే ఉంది" అని రెండో ముక్క తీసుకుంది. పేలాల పిండికి ఉండే ఆ కమ్మటి మాడు వాసన అచ్చంగా అదే.

జూన్ 25

రోజంతా మబ్బు. ఉత్తర తీరానికి ఎండాకాలంలో ఇది మామూలే, సముద్రం మీద నుంచి వచ్చే తేమగాలి కొండకి తగిలి ఆగిపోతుంది. అమ్మకి మోకాళ్లు నొప్పిగా ఉంటే గదిలోనే ఉంది. నేను లోస్ రెయలేహోస్ దాకా వెళ్లొచ్చాను. 1496లో చివరి గ్వాంచే రాజులు లొంగిపోయింది అక్కడే అంటారు. చర్చి ఒకటి చూశాను, తలుపు మూసి ఉంది.

జూన్ 26

లాస్ కన్యాదాస్‌కి ప్యుయెర్తో నుంచి పొద్దున ఒక బస్సు వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంది. మబ్బులోంచే ఎక్కడం మొదలైంది. ఒరోతావా లోయలో అరటి తోటలు, తర్వాత ఊళ్లు, తర్వాత పైన్ అడవి, చెట్ల సూదుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఉన్నట్టుండి ఒక మలుపులో మబ్బు కిందికి పోయింది. పైన నీలం తప్ప ఇంకేం లేదు. బస్సులో అందరూ ఒక్కసారి కిటికీల వైపు తిరిగారు.

తెయిదే 3,715 మీటర్లు, స్పెయిన్ మొత్తానికీ ఎత్తైన శిఖరం. గ్వాంచేలు దాన్ని ఎచెయ్‌దే అన్నారు. గ్వాయోతా అనే దుష్టశక్తి సూర్యుడైన మాగెక్‌ని పట్టి కొండలో బంధిస్తే, లోకం చీకటైపోతే, ఆకాశ దేవుడు అచమాన్ వచ్చి విడిపించి, గ్వాయోతానే లోపల పెట్టి మూత వేశాడని వాళ్ల కథ. ఎప్పుడు నిప్పు కక్కుతుందో తెలియని కొండ కింద బతికినవాళ్లకి అలా తోచడంలో వింతేముంది?

మైదానం రెండు వేల మీటర్ల పైన ఉంది. ఎర్రమట్టి, నల్ల లావా, గుండ్రటి రెతామా పొదలు, మనిషిని మించి ఎదిగిన ఎర్ర తాహినాస్తె పూలకంకులు. చాలావరకు వాడిపోయాయి గానీ కొన్ని ఇంకా తేనెటీగలతో కదులుతున్నాయి. నేల మీద అక్కడక్కడా నల్లగా తళతళలాడే రాళ్లు. తబోనాలకి రాయి తీసుకుపోయింది ఇక్కడి నుంచే. ఎల్ తబోనాల్ నెగ్రో అని ఒక చోటికి పేరే ఉంది. ఒక్క గులక కూడా తీయకూడదని బోర్డులున్నాయి, తీయలేదు.

1954లో దీన్ని నేషనల్ పార్క్ చేశారు. ఆ తర్వాత మేకల్ని రానివ్వడం ఆపేశారు. ఇక్కడే పెరిగే మొక్కలు కొన్ని ప్రపంచంలో ఇంకెక్కడా లేవు, మేకలు వాటిని మిగలనివ్వవు, కాబట్టి అది సరైన పనే అని నా నమ్మకం. కానీ దానితో ఎన్నో వందల ఏళ్ల కాపరి దారి ఒకటి ఆగిపోయింది. ఈ రెండూ నిజమే. ఒకదాని కోసం రెండోదాన్ని దాచడం నాకిష్టం లేదు.

అమ్మ ఒక లావా దిమ్మ నీడలో కూర్చుంది. ఆ దిమ్మ కింద చెయ్యి పట్టేంత సందు ఉంది. "ఇలాంటి దాంట్లోనే పెట్టుంటారు" అంది. ఎండకి రాయి కాలుతోంది, సందులో మాత్రం చల్లగా ఉంది. ఈ సందులో కుండ పెట్టి, రాయి అడ్డం పెట్టి, ఆనవాలు గుర్తుపెట్టుకుని మందతో దిగిపోయిన ఆడమనిషిని ఊహించుకోవడం ఇక్కడ చాలా తేలిక. కుండలు చేసింది ఎక్కువగా ఆడవాళ్లే అంటారు.

జూన్ 27

ఆఖరున రాజధాని సాంతా క్రూజ్‌లోని పెద్ద మ్యూజియం. పాత ఆసుపత్రి భవనం. మమ్మీల కోసం చాలామంది ఇక్కడికే వస్తారు. గ్వాంచేలు పెద్దల దేహాల్ని కొవ్వు, మూలికలు, రాతిపొడి పూసి ఎండలో, పొగలో ఆరబెట్టి, మేకతోళ్లలో పొరలుపొరలుగా కుట్టి, ఎవరూ చేరలేని కొండగుహల్లో పెట్టేవాళ్లు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని ఈజిప్టు మమ్మీని చిన్నప్పుడు చూసి భయపడ్డాను. ఇక్కడ భయం వేయలేదు. తోలు కుట్టు సన్నగా, వరసగా ఉంది. పైలోకానికి పంపేవాళ్లు పెట్టిన శ్రద్ధ ఆ కుట్టులో కనిపిస్తుంది.

ఇక్కడికి చేరిన రెండు మమ్మీలకి పెద్ద కథ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో తాకొరోంతే ఊళ్లో ఒకాయన సొంత మ్యూజియంలో ఉండేవి. ఆయన పోయాక అమ్ముడై అర్జెంటీనా వెళ్లాయి. నెకోచెయా అనే ఊరి మ్యూజియంలో చాలా ఏళ్లు ఉండి, 2003లో తిరిగి టెనెరిఫే వచ్చాయి. ఇంకొకటి ఎర్కేస్ లోయది, అంటే గ్వాతిమాక్ దొరికిన లోయదే. పద్దెనిమిదో శతాబ్దంలో రాజుగారికని మాడ్రిడ్ పంపారు. అది నడివయసు మగమనిషి దేహం. 2016లో స్కాన్ చేస్తే లోపలి అవయవాలు తీయకుండానే అంత బాగా నిలిపారని తేలింది. ఈ దీవి ప్రభుత్వం ఎన్నిసార్లు అడిగినా మాడ్రిడ్ ఇవ్వలేదు. ప్రయాణంలో పాడైపోతుందని ఒక కారణం చెబుతారు. అర్జెంటీనా నుంచి సముద్రం దాటి రెండు రాగా లేనిది, మాడ్రిడ్ నుంచి ఒకటి రాలేదా?

అడిగే హక్కు ఎవరికుంది అనేవాళ్లూ ఉన్నారు, గ్వాంచేలు ఇప్పుడు లేరుగా అని. 2017లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం పక్కనున్న గ్రాన్ కనారియా జనంలో 16 నుంచి 31 శాతం దాకా వారసత్వం ఆ పాత జనానిదే. ఇక్కడ ఆడపిల్లలకి దాసిల్ అని, మగపిల్లలకి బెంకోమో అని ఇప్పటికీ పేర్లు పెడతారు. రేవులో పిల్లమేకని చంకనెత్తుకున్న ఆ పిల్లలకన్నా హక్కుదారులు ఇంకెవరు?

బయట మెట్ల మీద కూర్చుని అమ్మకి అమరావతి సంగతి గుర్తుచేశాను. మన స్తూపం పలకలు 1859లో ఓడలో లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నేను లండన్ వెళ్లినప్పుడల్లా వాటిని చూస్తుంటాను. అమ్మ పుట్టి పెరిగింది తెనాలిలో, అమరావతికి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నంలోపు చేరే దూరం. ఆ పలకల్లో ఒక్కటి కూడా ఆవిడ ఇప్పటిదాకా చూడలేదు.